మంత్రం సంపాదించుకోవాలా, లెవెల్‌తో పాటు రావాలా: ఒక పాత వాదన వెనుక కథ

టేబుల్ చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో పాత్ర ధరించి, డైస్ వేస్తూ కథ నడిపే ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్. దాన్ని ఆడే ఏ బృందానికైనా ఈ ఘట్టం ఎప్పుడో ఒకసారి ఎదురవుతుంది. శత్రు మాంత్రికుడు కూలిపోయాడు, అతని స్పెల్‌బుక్ (మంత్రాలు రాసుకునే పుస్తకం) మన పాత్రల జట్టు, అంటే పార్టీ, చేతికి చిక్కింది, అందులో ఫైర్‌బాల్ అనే నిప్పుబంతి మంత్రం ఉంది. మన మాంత్రికుడు దాన్ని అలాగే తన పుస్తకంలోకి ఎక్కించుకోవచ్చా? డైస్ వేయాలా? డబ్బు ఖర్చు పెట్టాలా? పాత్ర అనుభవంతో ఎక్కే మెట్లలో, అంటే లెవెల్స్‌లో, ఐదోది రాగానే అదే మంత్రం ఎలాగూ వచ్చేస్తుంటే ఈ పుస్తకం కోసం ప్రాణాల మీదికి తెచ్చుకోవడం దేనికి? ఒక్కో టేబుల్ దగ్గర ఒక్కో జవాబు వినిపిస్తుంది. ఎడిషన్, అంటే రూల్స్ పుస్తకాల కూర్పు, మారినప్పుడల్లా రూల్స్ రాసినవాళ్లే ఈ విషయంలో మాట మార్చారు. ఎవరు ఏ ఎడిషన్‌తో ఆట మొదలుపెట్టారో వారికి అదే న్యాయంగా తోస్తుంది.

మొదట్లో అసలు ఈ ప్రశ్నే లేదు. 1971లో గ్యారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ కలిసి రాసిన చెయిన్‌మెయిల్ బొమ్మ సైనికులతో ఆడే యుద్ధాల ఆట. దాని చివర చేర్చిన ఫాంటసీ అనుబంధంలో మాంత్రికుడు కనిపిస్తాడు. అతని ఫైర్‌బాల్ ఎంత మేర పేలుతుంది అన్నది పెద్ద కాటపుల్ట్ (రాళ్లు విసిరే యంత్రం) కొలతలతోనే చెప్పారు. ఆ మాంత్రికుడు యుద్ధభూమిలో ఒక ఆయుధం. ఎక్కడ చదువుకున్నాడని ఆయుధాన్ని ఎవరూ అడగరు కదా.

1974లో గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ మూడు చిన్న పుస్తకాలుగా డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చినప్పుడు మాంత్రికుడు ఒక్కసారిగా ఒక ఆటగాడి సొంత పాత్ర అయ్యాడు. చదువు సంగతి అప్పుడు మొదలైంది. ఏ లెవెల్‌లో ఎన్ని మంత్రాలు వాడవచ్చో చెప్పే పట్టిక దగ్గర, ఒక సాహసయాత్రలో గుర్తుంచుకోగలిగినవి ఇన్ని అని రాశారు. పాత్రకు లెవెల్స్ ఉన్నట్టే మంత్రాలకు బలాన్ని బట్టి స్థాయిలు ఉంటాయి; ఒక్కో స్థాయి మంత్రాలకు ఒక్కో పుస్తకం మాంత్రికుడి దగ్గర ఉంటుందని అనుకున్నారు. కొత్త మంత్రాన్ని పరిశోధించి కనిపెట్టాలంటే మొదటి స్థాయికి 2,000 బంగారు నాణేలు, రెండో స్థాయికి 4,000, మూడో స్థాయికి 8,000, ఇలా ఆరో స్థాయికి 64,000 దాకా రెట్టింపవుతూ పోతుంది. అంత పోసినా ఫలించే అవకాశం 20 శాతమే. పుస్తకాల రెండో ప్రతి కావాలన్నా ఇదే ఖర్చు.

గుర్తుంచుకోవడం అన్న ఆలోచన జాక్ వాన్స్ కథల నుంచి వచ్చింది. 1950లో వెలువడిన 'ద డైయింగ్ ఎర్త్'లో సూర్యుడు ఆరిపోబోతున్న కాలపు మాంత్రికులు పాత గ్రంథాల నుంచి మంత్రాలను కష్టపడి బుర్రకెక్కించుకుంటారు. ఒక్కో తలలో కొన్నే పడతాయి, ఒకసారి ప్రయోగిస్తే ఆ మంత్రం మనసులోంచి చెరిగిపోతుంది. మళ్లీ కావాలంటే మళ్లీ గ్రంథం విప్పాల్సిందే. గైగాక్స్ ఈ రుణాన్ని దాచుకోలేదు. ఆటలో పేరుమోసిన వెక్నా అనే దుష్ట మాంత్రికుడి పేరు వాన్స్ ఇంటిపేరులోని అక్షరాలను తారుమారు చేసి పెట్టిందే. ఇలా కంఠతా పట్టి, వాడి, మరిచిపోయే పద్ధతికి ఆటగాళ్లలో వాన్సియన్ మ్యాజిక్ అన్న పేరు స్థిరపడింది.

అసలు పట్టు బిగిసింది 1975 నాటి గ్రేహాక్ అనుబంధంతో, ఆ తర్వాత 1978 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌తో. మంత్రం వంటబట్టే అవకాశాన్ని తేల్చే 1978 పట్టిక ఎంత కటువుగా ఉండేదో చూడండి. మాంత్రికుడి ఇంటెలిజెన్స్, అంటే తెలివిని కొలిచే అంకె, 16 అనుకుందాం. ఏ మంత్రాన్నైనా అర్థం చేసుకునే అవకాశం 65 శాతం. శాతం డైస్ వేస్తే 65 దాటి 71 పడింది, ఫైర్‌బాల్ వంటబట్టలేదు. ఆ స్థాయిలో అతనికి కనీసం ఏడు మంత్రాలు దక్కాలి, గరిష్ఠంగా పదకొండు దాటకూడదు. మిగతా జాబితా అంతా చూశాక ఏడు నిండకపోతేనే ఫైర్‌బాల్ మీద ఇంకో ప్రయత్నం. నిండితే, ఇంటెలిజెన్స్ పెరిగితే తప్ప, ఆ మంత్రం గురించి మరచిపోవచ్చు. ఇంటెలిజెన్స్ 18 ఉన్నవాడికీ 85 శాతమే. ఆట నడిపే డంజన్ మాస్టర్ కోసం రాసిన 1979 డంజన్ మాస్టర్స్ గైడ్ ప్రకారం కొత్త మాంత్రికుడు రీడ్ మ్యాజిక్ (మంత్ర రాతల్ని చదివించే మంత్రం)తో పాటు డైస్ మీద తేలిన మరో మూడు మంత్రాలతో బయలుదేరతాడు. లెవెల్ పెరిగినప్పుడు తనంతట చేరేది ఒకే ఒక్క మంత్రం. మిగిలినవన్నీ వెతికి పట్టుకోవాల్సినవే. ఇక ఫైర్‌బాల్ మూడో స్థాయి మంత్రం, నేర్చుకున్నాక దాన్ని రోజూ వల్లె వేయడానికి స్థాయికి పావుగంట చొప్పున ముప్పావుగంట కావాలి.

ఆ రూల్స్‌లో క్రూరత్వం ఉంది, ఒప్పుకుంటాను. ఒక్క డైస్‌తో పాత్ర భవిష్యత్తు తేలిపోవడం న్యాయం కాదు. కానీ ఇద్దరు మాంత్రికులు ఒకేలా ఉండకపోవడానికి కారణం అదే. ఫైర్‌బాల్ దక్కనివాడు వేరే మంత్రాలతో బతకడం నేర్చుకున్నాడు. పుస్తకం తగలబడితే అతని బతుకే తగలబడినట్టు కాబట్టి పార్టీ మొత్తం దానికి కాపలా కాసింది. శిథిల గ్రంథాలయం ఉందని వినగానే నిధి కన్నా ముందు అటు నడిచింది.

ఇదొక్కటే దారి అని అప్పట్లోనూ అందరూ అనుకోలేదు. 1975లోనే కెన్ సెయింట్ ఆండ్రే టన్నెల్స్ అండ్ ట్రోల్స్ అనే మరో ఆట తెచ్చాడు. అందులో మంత్రం మనసులోంచి చెరిగిపోదు, ప్రయోగించినవాడి బలం తరుగుతుంది. పై స్థాయి మంత్రాలను మాంత్రికుల సంఘం దగ్గర డబ్బిచ్చి కొనుక్కోవాలి. 1978లో వచ్చిన రూన్‌క్వెస్ట్ అనే ఆటలో మంత్రం ఒక వర్గం (మాంత్రికుడు, యోధుడు లాంటి పాత్రల రకం) సొత్తు కాదు, కత్తి పట్టినవాడూ నేర్చుకుంటాడు. అయితే దేవతల పెద్ద మంత్రాలు కావాలంటే తన ఆత్మశక్తిలో కొంత శాశ్వతంగా ధారపోయాలి.

నేర్చుకోవడాన్నే ఆటకు గుండెకాయగా చేసింది మాత్రం జొనాథన్ ట్వీట్, మార్క్ రైన్ హేగన్ 1987లో రాసిన ఆర్స్ మాజికా. ఐదు క్రియలు, పది విషయాలు. సృష్టించడం అన్న క్రియకు అగ్ని అన్న విషయం కలిస్తే మంట పుడుతుంది. పదిహేను కళలూ వేటికవి పెంచుకోవాలి. శిష్యరికమే పదిహేనేళ్లు. ఆ తర్వాత కాలాన్ని ఋతువుల్లో లెక్కిస్తారు. ఒక ఋతువు గ్రంథం చదవాలా, ప్రయోగశాలలో కూర్చోవాలా, శిష్యుడికి పాఠం చెప్పాలా అన్నదే నిర్ణయం. సాహసయాత్రకు వెళితే చదువు పోతుంది. మాంత్రికుడి బాధ ఇంత సూటిగా పట్టుకున్న ఆట ఇంకోటి నాకు తెలియదు.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ మాత్రం క్రమంగా మెత్తబడింది. 1989 నాటి రెండో ఎడిషన్‌లో మంత్రవిద్యలో ఒక శాఖలో ప్రత్యేకత సాధించినవాడికి తన శాఖ మంత్రాలు నేర్చుకునే అవకాశం మీద 15 శాతం అదనం, మిగతావాటి మీద 15 శాతం కోత. ఓడిపోతే తర్వాతి లెవెల్‌లో మళ్లీ ప్రయత్నించవచ్చు. పెద్ద మలుపు 2000లో వచ్చిన మూడో ఎడిషన్. లెవెల్ పెరిగిన ప్రతిసారీ ఆటగాడు కోరుకున్న రెండు మంత్రాలు, డైస్ లేకుండా, పుస్తకంలో చేరిపోతాయి. చూడటానికి ఇది చిన్న సవరణే, కానీ వెతకాల్సిన అవసరం అక్కడే పలచబడింది. అదే ఎడిషన్‌లో సోర్సరర్ అనే కొత్త పాత్ర వచ్చింది. పుట్టుకతో శక్తి ఉన్నవాడు, పుస్తకం అక్కర్లేనివాడు, తక్కువ మంత్రాలు తెలిసినా ఎక్కువసార్లు వాడగలవాడు. 2008 నాటి నాలుగో ఎడిషన్ అన్ని వర్గాలకూ ఒకే అచ్చు పోసింది, దాని మీద ఎక్కువసేపు ఆగక్కర్లేదు.

2014 నాటి ఐదో ఎడిషన్‌లో మంత్రం వాడితే చెరిగిపోదు, స్లాట్, అంటే మంత్రాలు వాడగలిగే లెక్కలో ఒక వాటా, మాత్రమే ఖర్చవుతుంది. మాంత్రికుడు ఆరు మంత్రాలతో మొదలై లెవెల్‌కు రెండు చొప్పున పొందుతాడు. అంటే ఇరవయ్యో లెవెల్‌కు చేరేసరికి ఒక్క గ్రంథం వెతక్కుండానే నలభై నాలుగు. దొరికిన పుస్తకం నుంచి నకలు రాసుకోవాలంటే స్థాయికి రెండు గంటలు, 50 బంగారు నాణేలు, డైస్ లేదు. స్క్రోల్ (మంత్రం రాసిన కాగితపు చుట్ట) నుంచి అయితే డైస్ వేయాలి, గెలిచినా ఓడినా స్క్రోల్ పోతుంది. ఒకే పనికి రెండు కొలతలు ఉండటం వల్లే టేబుల్ దగ్గర గొడవలు. పాత పట్టికలోని అనిశ్చితి ఒక మూలన అలా మిగిలిపోయింది. 2012లో వచ్చిన డంజన్ క్రాల్ క్లాసిక్స్ అనే ఆట మాత్రం ఏ మంత్రం తెలుసో కూడా డైస్‌తోనే తేల్చి, పాత దారినే గర్వంగా పట్టింది.

నా పక్షం ఏమిటో చెప్పాలి. పాత శాతాల పట్టిక తిరిగి రావాలని నేను కోరుకోను. కానీ లెవెల్‌తో వచ్చే రెండు మంత్రాలూ ఎక్కడి నుంచి వచ్చాయో డంజన్ మాస్టర్ అడగాలి. కిందటి నెల కలిసిన గురువు చెప్పాడా, గోడ మీది రాతల్ని విప్పి చదివాడా, తనే ప్రయోగాలు చేశాడా అన్నది ఆటగాడు ఒక్క మాటలో చెప్పినా చాలు. ఫైర్‌బాల్ లాంటి ఒకటి రెండు మంత్రాలను ముందే మాట్లాడుకుని ఉచిత జాబితా నుంచి తీసేసి, వాటిని ఎవరో ఒక మాంత్రికుడి పుస్తకంలో ఉంచాలి. ఆ మాంత్రికుడు ఎక్కడున్నాడో, వాటికి బదులు ఏం అడుగుతాడో మొదటి లెవెల్‌లోనే పార్టీ చెవిన వేయాలి.