ఫ్రిజ్ కొళాయి గురించి అవ్వ రాసిన ఉత్తరం

చిత్తూరు

పాపకూ, అబ్బోడికీ అవ్వ దీవెనలు.

మొన్న ఫోన్‌లో మీరిద్దరూ ఒకరి మాటకు ఒకరు అడ్డం పడుతూ చెబుతుంటే నాకు సగమే అర్థమైంది. కొత్త ఫ్రిజ్ తలుపుకున్న కొళాయిలో నీళ్లు సన్నగా వస్తున్నాయి, వచ్చినవి కూడా చల్లగా లేవు, పైగా కింద నేల తడిసిపోతోంది. మీ అమ్మకు టెన్షన్, మీ నాయనేమో మెకానిక్‌ను పిలుద్దామంటున్నాడు. ఇంతే కదా? మెకానిక్‌ను పిలవొద్దని నేననను. కానీ అతను రాగానే ముందు చూసే నాలుగు సంగతులు మీరే చూసేయొచ్చు. ముప్పై ఏళ్లకు పైగా సైన్సు చెప్పిన నోరు ఊరుకోదు కాబట్టి, ఎందుకు అలా అవుతుందో కూడా రాస్తున్నాను. ఓపిగ్గా చదవండి.

ముందు చల్లగా రాని నీళ్ల సంగతి. అది రిపేరు కాదు, లెక్క. ఎండాకాలం తిరుపతిలో 40 డిగ్రీలు దాటుతుంది. మిద్దె మీది ట్యాంకులో కాగిన నీళ్లు ఆర్‌ఓ మిషన్‌లోంచి వచ్చేసరికి ఏ 35 డిగ్రీలో ఉంటాయి. తలుపు లోపలి డబ్బాలో 3 లీటర్లు పోశారనుకోండి. ఒక లీటరు నీళ్లను ఒక డిగ్రీ చల్లబరచాలంటే ఒక కిలోకేలరీ వేడి తీయాలి. 35 నుంచి 10కి దించాలంటే 25 డిగ్రీలు, మూడు లీటర్లకు 75 కిలోకేలరీలు. ఇంత వేడిని తీయడానికి గంటలు పడుతుంది. అదీగాక తలుపు దగ్గరి చోటే ఫ్రిజ్ మొత్తంలో తక్కువ చల్లగా ఉండేది. తిరుపతిలో ఇల్లంటే ఎటూ సత్రమే. కొండకు పోయే చుట్టాలు దిగుతారు, ఒక్కొక్కరూ రెండేసి గ్లాసులు పట్టుకుంటారు, పావుగంటలో డబ్బా ఖాళీ. మళ్లీ నింపి వెంటనే కొళాయి నొక్కితే వచ్చేది మిద్దె మీది నీళ్లే. రాత్రి పడుకునే ముందు నింపండి. చుట్టాలు వచ్చే రోజు లోపలి అరలో రెండు సీసాలు ముందే పెట్టుకుని, డబ్బా తరిగినప్పుడు ఆ చల్లటి నీళ్లే పోయండి.

ఆ తీసిన వేడి ఎక్కడికి పోతుందని అబ్బోడు అడుగుతాడని తెలుసు. ఫ్రిజ్ చలిని పుట్టించదు. బావిలోంచి నీళ్లు చేదినట్టు లోపలి వేడిని చేది బయట పోస్తుంది. వెనకాల కింద నల్లగా కుండలా ఉండేది కంప్రెసర్. అది గ్యాస్‌ను గట్టిగా నొక్కుతుంది. నొక్కిన గ్యాస్ వేడెక్కి, గొట్టాల్లో తిరుగుతూ ఆ వేడిని బయటికి వదిలేసి ద్రవమవుతుంది. ఆ ద్రవం వెంట్రుకంత సన్నటి దారి ఉన్న కేపిలరీ గొట్టం దాటగానే ఒత్తిడి తగ్గి, లోపల మళ్లీ ఆవిరవుతూ చుట్టూ ఉన్న వేడిని పీల్చుకుంటుంది. ఇప్పటి ఫ్రిజ్‌లు చాలావాటిలో వేడి వదిలే గొట్టాలు పక్క గోడల లోపలే ఉంటాయి. అందుకే పక్కన చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. మీ అమ్మ దాన్ని చూసి భయపడిందట, ఆ భయం అక్కర్లేదు. గోడకూ ఫ్రిజ్‌కూ మధ్య బెత్తెడు సందైనా లేకపోతే మాత్రం భయపడాలి. అక్కడ గాలి ఆడకపోతే వేడి పోయే దారి లేక కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది, కరెంటు బిల్లూ పెరుగుతుంది. ఆ సందులో పాత పేపర్లూ గోనెసంచులూ దోపకండి. పక్కలు మూసుకుపోయేలా పూల కవరు తొడగడం మీ అమ్మ ముచ్చట. నేను చెప్పానని చెప్పి తీయించండి.

ఇంకోమాట. ఎండకు తట్టుకోలేక ఫ్రిజ్ తలుపు తెరిచి దాని ముందు కూర్చోవడం మీ ఇద్దరికీ అలవాటని విన్నాను. ముఖానికి చల్లగా తగిలినా గది ఇంకా వేడెక్కుతుంది. లోపల తీసిన వేడీ, కంప్రెసర్ తిన్న కరెంటూ రెండూ కలిసి ఆ గదిలోకే వస్తాయి కదా.

ఇక నీళ్లు సన్నగా రావడం. మీ ఫ్రిజ్‌కు పైపు కనెక్షన్ లేదు, నీళ్లు చేత్తో పోసే డబ్బా ఉంది. అందులో మోటారు ఏమీ ఉండదు. గ్లాసుతో మీట నొక్కితే చిన్న వాల్వు తెరుచుకుంటుంది, నీళ్లు వాటి బరువుకే కిందికి దిగుతాయి. కాబట్టి మొదట డబ్బా సరిగ్గా కూర్చుందో లేదో చూడండి. కడిగి పెట్టేటప్పుడు కాస్త వంకరగా పెడితే వాల్వు సగమే తెరుచుకుంటుంది. రెండు చేతులతో కిందికి నొక్కితే టక్కుమని కూర్చోవాలి. తర్వాత మూత కొద్దిగా ఎత్తి మీట నొక్కండి. అప్పుడు ధార లావైతే మూతలో గాలి పోయే కంత మూసుకుపోయిందని అర్థం. నీళ్లు కిందికి దిగాలంటే పైనుంచి గాలి లోపలికి రావాలి. అదీ కాదంటే వాల్వు నోట్లో ఉప్పు పేరుకుందేమో చూడాలి.

మన ఊళ్ల ఉప్పు సంగతి మీకు చెప్పక్కర్లేదు. స్నానాల గదిలో ఇత్తడి కొళాయి చుట్టూ తెల్లగా గట్టిగా అంటుకుని ఉంటుందే, అదే. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఉప్పులు ఎక్కువ. తిరుపతికి కళ్యాణి డ్యాం నీళ్లూ తెలుగుగంగ నీళ్లూ వస్తాయి గానీ, ఎండలు ముదిరితే చాలా ఇళ్లకు బోరూ ట్యాంకరే గతి. ఆర్‌ఓ నీళ్లే పోస్తే ఈ బాధ తక్కువ. ఎప్పుడైనా తొందరలో కొళాయి నీళ్లు పోశారా అని మీ నాయనను మెల్లగా అడగండి. ఉప్పు పట్టిన వాల్వును వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి అరగంట నానబెట్టండి. వెనిగర్ లేకపోతే నిమ్మరసం. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది రెండు మూడుసార్లు కడగండి. వెనిగర్‌నూ బ్లీచింగ్ పౌడర్‌నూ మాత్రం ఎప్పుడూ కలపకండి. క్లోరిన్ గ్యాస్ వస్తుంది, ఊపిరాడదు.

నేల తడవడానికి రెండు దారులున్నాయి. ఏదో తెలియాలంటే డబ్బా తీసి ఒక పగలూ ఒక రాత్రీ బయట పెట్టండి. నేల పొడిగా ఉంటే తప్పు డబ్బాదే. వాల్వు చుట్టూ ఉండే రబ్బరు వాషర్ తొలగిపోయి ఉంటుంది, లేదా దాని కింద ఉప్పు పొర చేరి ఉంటుంది. తుడిచి సరిగ్గా తొడగండి, చిరిగి ఉంటే మార్చాలి. కొళాయి కింది చిన్న ట్రే నిండి పొర్లినా ఇదే బాధ. గ్లాసు తీశాక ఒకటి రెండు చుక్కలు పడటం మామూలే.

డబ్బా లేకపోయినా నేల తడిస్తే లోపల కూరగాయల పెట్టె పైకెత్తి చూడండి. దాని కింద నీళ్లు నిలిచి ఉంటే సంగతి వేరు. మీది ఫ్రాస్ట్‌ఫ్రీ ఫ్రిజ్. లోపలి గొట్టాల మీద పేరుకునే మంచును చిన్న హీటరు అప్పుడప్పుడు కరిగిస్తుంది. ఆ నీళ్లు ఒక కంతలోంచి వెనక్కు దిగి, కంప్రెసర్ మీదున్న ట్రేలో పడి, దాని వేడికే ఆవిరైపోతాయి. ఆ కంతలో కరివేపాకు రెబ్బో కొత్తిమీర ఆకో అడ్డుపడితే నీళ్లు ఎటు పోతాయి? లోపలే నిలిచి తలుపు వైపు కారతాయి. కంత కనబడితే ప్లగ్గు పీకి, సూది లేని సిరంజితో గోరువెచ్చని నీళ్లు కొట్టండి. ఇనప కడ్డీలు దూర్చకండి.

ఇప్పుడు అసలు విషయం. ఆ డబ్బాను చివరిసారి ఎవరు కడిగారు? ఫోన్‌లో ఈ మాట అడిగితే ఇద్దరూ గప్‌చుప్. చల్లగా ఉన్నాయి కాబట్టి నీళ్లు శుభ్రంగా ఉంటాయని అందరూ అనుకుంటారు. చలి క్రిములను చంపదు, వాటి పెరుగుదలను నెమ్మదింపజేస్తుంది, అంతే. లిస్టీరియా అనే బాక్టీరియా అయితే ఫ్రిజ్ చలిలోనూ పెరుగుతుంది. దీనికి తోడు ఇంకో చిక్కుంది. మున్సిపాలిటీ వాళ్లు నీళ్లలో కలిపే క్లోరిన్ దారి పొడుగునా క్రిములను ఆపుతూ వస్తుంది. మన ఆర్‌ఓ మిషన్‌లోని కార్బన్ ఫిల్టరు దాన్ని తీసేస్తుంది. రుచి బాగుంటుంది, కాపలా ఉండదు. అలాంటి నీళ్లు వారం పది రోజులు ఒకే డబ్బాలో, పాత నీళ్ల మీదే కొత్తవి పోసుకుంటూ ఉంటే ఏమవుతుంది? డబ్బా లోపలి మూలలో వేలు పెట్టి రుద్ది చూడండి. జారితే అది పాచి.

వారానికోసారి కడగాలి. డబ్బా, మూత, వాల్వు, వాషర్ అన్నీ విడదీసి, గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు వేసి మెత్తటి స్పాంజితో రుద్దండి. మరిగే నీళ్లు పోస్తే ప్లాస్టిక్ వంకర తిరుగుతుంది, ఇక డబ్బా సరిగ్గా కూర్చోదు. ఇనప పీచు వాడితే గీతలు పడతాయి, పాచి ఆ గీతల్లోనే దాక్కుంటుంది. వాషర్ కింది గాడిని మరవకండి, అందరూ వదిలేసేది అదే. వాసన వస్తుంటే వంటసోడా కలిపిన నీళ్లు కాసేపు నిలిపి ఉంచి కడగండి. తర్వాత బోర్లించి పూర్తిగా ఆరనివ్వండి. జ్యూసూ సోడా అందులో పోయకండి. రస్నా పోసి చూద్దామని అబ్బోడికి ఉంటుంది, తీపి చేరితే పాచికి పండగే. నాలుగైదు రోజులు ఊరికి పోతుంటే డబ్బా ఖాళీ చేసి పోండి. ఈ పని మీ అమ్మ మీదికి నెట్టకండి. ఆ కొళాయి దగ్గర ఎక్కువసేపు నిలబడేది మీరిద్దరే కాబట్టి ఒక ఆదివారం పాప, ఒక ఆదివారం అబ్బోడు.

మీ మేనమామ ఇంట్లో ఉన్న రెండు తలుపుల పెద్ద ఫ్రిజ్ లెక్క వేరు. దానికి గోడలోంచి పైపు వస్తుంది. అందులో ధార తగ్గితే మొదట వెనకాల పైపు మడతపడిందేమో చూడాలి, ఊడ్చాక ఫ్రిజ్‌ను వెనక్కు నెట్టినప్పుడు అలా అవుతుంది. తర్వాత ఫిల్టరు. ఆరు నెలలకోసారి మార్చాలి. మార్చాక గొట్టంలో గాలి ఉండి నీళ్లు ఉమ్మినట్టు వస్తాయి, మొదటి కొన్ని లీటర్లు మొక్కలకు పోసేయాలి. ఆ ఫిల్టరు చాలావాటిలో క్లోరిన్ వాసన తీసే బొగ్గు ఫిల్టరే. ఉప్పును తీయదు, కాబట్టి అది ఉంది కదా అని బోరు నీళ్ల పైపు తగిలించకూడదు.

ఇక కరెంటు. సాయంత్రాలు వోల్టేజీ పడిపోయే వీధి మీది. కరెంటు పోయి వెంటనే వచ్చినప్పుడు కంప్రెసర్ లోపల ఒత్తిడి ఇంకా సమం కాదు. అప్పుడే తిరగమంటే మూలుగుతుంది, కాలిపోవచ్చు కూడా. మూడు నుంచి ఐదు నిమిషాలు ఆగాలి. మంచి స్టెబిలైజర్ అయితే అదే ఆగి ఇస్తుంది. అందుకే ప్లగ్గు పీకి వెంటనే పెట్టే ఆట వద్దు. కరెంటు పోతే తలుపు తెరవకుండా ఉంటే నాలుగు గంటల వరకు లోపల చల్లదనం ఆగుతుంది. లోపల 4 డిగ్రీలు, ఫ్రీజర్‌లో మైనస్ 18 ఉండాలని పుస్తకాల్లో ఉంటుంది. మామిడికాయల కాలంలో మీ నాయన బెంగళూరా పళ్లు తెచ్చి అరల నిండా కుక్కుతాడు చూడండి, అప్పుడు లోపల గాలి తిరిగే కంతలు మూసుకుపోయి ఒక మూల గడ్డకట్టి ఇంకో మూల పాలు విరుగుతాయి. వెనక గోడకు ఆనించి ఏదీ పెట్టకండి. తలుపు చుట్టూ ఉన్న రబ్బరు మధ్యలో ఒక కాగితం పెట్టి మూసి లాగండి. సులువుగా వచ్చేస్తే అక్కడ చలి కారిపోతోంది. ముందు తడిగుడ్డతో రబ్బరు తుడిచి చూడండి, చాలాసార్లు జిడ్డే కారణం.

ఒక్క హెచ్చరిక. ఫ్రీజర్‌లో మంచు గడ్డ అంటుకుంటే కత్తితో గీకొద్దు. గ్యాస్ గొట్టం అక్కడే ఉంటుంది. పాత ఫ్రిజ్‌లలో ఆర్-12 అనే గ్యాస్ వాడేవాళ్లు. అది ఓజోన్ పొరను తినేస్తుందని తెలిసి 1987లో మాంట్రియల్‌లో చాలా దేశాలు ఒప్పందం చేసుకుని దాన్ని క్రమంగా మాన్పించాయి. ఇప్పుడు ఇళ్ల ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఉండేది ఆర్-600ఎ, అంటే ఐసోబ్యూటేన్. ఓజోన్‌కు హాని లేదు గానీ, వంట గ్యాస్‌కు చుట్టమే, మండుతుంది. కంప్రెసర్ దగ్గర పసుపు త్రికోణంలో మంట బొమ్మ ఉందేమో చూడండి. మన సత్యవేడు పక్కన శ్రీసిటీలో 2025 మేలో ఎల్‌జీ వాళ్లు ఫ్యాక్టరీకి భూమిపూజ చేశారు. ఏసీలతో పాటు ఫ్రిజ్‌లూ కంప్రెసర్లూ అక్కడే చేస్తారట. పాపకు మిషన్లంటే అంత ఇష్టం కదా, పెద్దయ్యాక అక్కడ ఉద్యోగం చూసుకోవచ్చు, వారం వారం నన్ను చూసిపోవచ్చు.

ఇవన్నీ చూశాక కూడా లోపల చల్లబడకపోతే, కంప్రెసర్ టక్ టక్ మంటూ ఆగిపోతుంటే, ఫ్రిజ్‌ను ముట్టుకుంటే జివ్వుమంటే, ప్లగ్గు పీకేసి మెకానిక్‌ను పిలవమనండి. గ్యాసూ వైరింగూ మన పని కాదు. అతనికి ఊరికే పాడైందని చెప్పకండి. ఎప్పటి నుంచి, ఏ వైపు, ఏ శబ్దం అన్నది కాగితం మీద రాసి ఉంచండి. గ్యాస్ అయిపోయిందని అంటే, ఎక్కడ లీకైందో చూపించమనండి. మూసి ఉన్న గొట్టాల్లో గ్యాస్ వాడకానికి అయిపోదు, లీకు అతకకుండా నింపితే మళ్లీ పోతుంది.

వాషర్ మార్చాల్సి వస్తే పాతదాన్ని వెంట తీసుకుని, తలుపు లోపల అతికించిన మోడల్ నంబరు స్టిక్కర్‌ను ఫోటో తీసుకుని పోండి. కొలత కొంచెం తేడా ఉన్నా కారుతూనే ఉంటుంది.

మీ అవ్వ