చెక్కు పాతబడితే డబ్బు పోయినట్టేనా?

మా బ్యాంకు బ్రాంచి హైదరాబాద్‌లో బాలానగర్ వైపు. ప్లంబర్లు, టైల్స్ పనివాళ్ళు, వడ్రంగులు ఎక్కువగా వస్తారు. ప్లంబర్లలో చాలామందిది ఒడిశాలోని కేంద్రపడా జిల్లా. వాళ్ళ దగ్గర ఎప్పుడూ వినే మాట ఒకటుంది: "ఎకౌంట్ ఊళ్ళో ఉంది సార్, పండక్కి పోయినప్పుడు వేస్తా."

సొంతూరి బ్రాంచిలోనే చెక్కు వేయాలన్న ఈ అపోహ మింగినంత కష్టార్జితం ఎగవేత కాంట్రాక్టర్లు కూడా మింగి ఉండరని నా అనుమానం. ఎకౌంట్ ఏ ఊళ్ళో తెరిచినా సరే, అదే బ్యాంకుకు హైదరాబాద్‌లో ఉన్న ఏ బ్రాంచిలోనైనా చెక్కు వేయొచ్చు. కాగితం ఊళ్ళు తిరిగే కాలం పోయింది. ఇక్కడే స్కాన్ చేస్తాం, దాని ఇమేజే వెళ్తుంది. 2025 అక్టోబర్ 4 నుంచి చాలా చెక్కులు అదే రోజు తేలిపోతున్నాయి. పండగ దాకా దాస్తే మాత్రం గడువు దాటిపోతుంది. గడువు మూడు నెలలే, అదీ చెక్కు మీద వేసిన తేదీ నుంచి. 2012 ఏప్రిల్‌కు ముందు ఆరు నెలలుండేది. ఇప్పటికీ ఆ లెక్కే చెప్పే పెద్దమనుషులున్నారు, వాళ్ళకో దండం.

ఆ మధ్య ఒక ప్లంబర్ ఫోన్ కవర్ వెనక నుంచి నాలుగు మడతల చెక్కు తీశాడు. పైపులు అతికించే సొల్యూషన్ వాసన, చెమటకు అలుక్కుపోయిన సంతకం. అపార్ట్‌మెంట్‌లో బాత్రూమ్ లైన్లన్నీ వేసినందుకు ఇచ్చిన చెక్కు, తేదీ ఎప్పుడో దాటింది. "చిత్తు కాగితమైపోయింది, మర్చిపో" అని మేస్త్రీ చెప్పాడట. మనిషి మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఆ మేస్త్రీ లాంటి వాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మంట. చెక్కుకు గడువు తీరినా బాకీ అలాగే ఉంటుంది. మామూలుగా పని పూర్తయిన రోజు నుంచి మూడేళ్ళలోపు కోర్టులో దావా వేయొచ్చు. ఈలోపు అవతలి మనిషి బాకీ ఉన్నానని రాసి సంతకం పెడితే, ఆ రోజు నుంచి మళ్ళీ మూడేళ్ళు. కొత్త చెక్కు చేతికి వచ్చేదాకా పాతది వదలొద్దు, సాక్ష్యంగా పనికొస్తుంది.

గడువు దాటితే పోయేది 138 కేసు, అంటే చెక్కు బౌన్స్ అయితే ఇచ్చినవాడి మీద పెట్టే క్రిమినల్ కేసు. గడువులోపు వేసిన చెక్కు డబ్బుల్లేక బౌన్స్ అయితే, ఆ కబురు అందిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. నోటీసు అందిన 15 రోజుల్లో కట్టకపోతే, ఆపై నెలలోపు కేసు వేయాలి. గడువు దాటాక వేసిన చెక్కుకు ఆ అవకాశం లేదు. అవతలివాడు భయపడేది దానికే.

అతని చేత అక్కడే ఫోన్ చేయించాను. "బ్యాంకు సార్ పక్కనే ఉన్నాడు" అనగానే కాంట్రాక్టర్ గొంతు మారింది. సాయంత్రానికి సగం ఎకౌంట్లో పడింది. ఫ్లష్ ట్యాంకు కారుతోందని మిగతాది ఆపాడు. అది వాళ్ళిద్దరి పంచాయితీ.

మిగతావి గబగబా చెప్తాను. తేదీ మీరే దిద్దుకోకండి, ఫోర్జరీ కేసు అవుతుంది. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ (ఎస్‌బీహెచ్), ఆంధ్రా బ్యాంకు వేరే బ్యాంకుల్లో కలిసిపోయాయి కాబట్టి ఆ పేర్లున్న చెక్కులు ఇప్పుడు నడవవు, ఇచ్చినవాళ్ళను కొత్తది అడగండి. రెండేళ్ళు వాడని ఎకౌంట్‌ను ప్రభుత్వం లాక్కుంటుందన్నది ఉత్త పుకారు. అది ఇనాపరేటివ్ అవుతుందంతే, అంటే వాడకం ఆగుతుంది; కేవైసీ కాగితాలు (గుర్తింపు, అడ్రసు రుజువులు) తెస్తే మళ్ళీ నడుస్తుంది. పదేళ్ళు దాటితే డబ్బు రిజర్వ్ బ్యాంకు నిధికి వెళ్తుంది. టెన్షన్ పడకండి, అప్పుడూ మీ బ్యాంకులోనే అడిగి తీసుకోవచ్చు.