గాజు గోడకు గంజి

ఆదిలాబాద్, ఆసిఫాబాద్ గూడేల్లో కనిపించే సికిల్ సెల్ జబ్బును పట్టే పరీక్షల్లో క్యాపిలరీ ఎలక్ట్రోఫోరెసిస్ ఒకటి. వెంట్రుకంత సన్నని సందున్న సిలికా గొట్టంలో, వేల వోల్టుల కరెంటు కింద, ప్రోటీన్లు తమ ఛార్జిని బట్టి విడిపోతాయి. సికిల్ హిమోగ్లోబిన్‌లో బీటా గొలుసు ఆరో స్థానాన గ్లూటమిక్ ఆమ్లానికి బదులు వాలీన్ ఉంటుంది. ఆ చిన్న తేడాకే రెండు హిమోగ్లోబిన్లూ వేరవుతాయి. గొట్టంలోని బఫర్‌ను, అంటే పీహెచ్ మారకుండా చూసే ద్రావణాన్ని, పీహెచ్ 9.4 దగ్గర ఉంచుతారు కాబట్టి గోడా, హిమోగ్లోబిన్ రెండూ రుణావేశంతో ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, అంటుకోవు.

గుడ్డు తెల్లసొనలో ఉండే లైసోజైమ్ అనే ప్రోటీన్‌తో ఆ ఉపాయం పారదు. పీహెచ్ 11 దాకా అది ధనావేశంతోనే ఉంటుంది, గోడ మీది సిలనాల్ గుంపులు (రుణావేశం మోసే సిలికాన్-ఆక్సిజన్ కొసలు) దాన్ని లాగి పట్టుకుంటాయి. డిటెక్టర్ గీసే గ్రాఫ్‌లో నిటారుగా రావలసిన పీక్ తోక సాగి వస్తుంది, వచ్చే సమయం ప్రతి రన్‌కూ జరుగుతుంది.

దీనికి మందు మన వరంగల్ కొత్తవాడ మగ్గాల దగ్గరే కనిపిస్తుంది. నూలు పోగు మీద నూగు లేచి ఉంటే పక్క పోగుకు చిక్కుకుని తెగుతుంది. అందుకే పడుగుకు గంజి పెడతారు. గంజి పిండిపదార్థం, అంటే పాలిమరే (చిన్న అణువులు వరుసగా అతుక్కున్న పొడవాటి గొలుసు). అది నూగును కోసెయ్యదు, అణచిపెడుతుంది. గొట్టంలో పాలిమర్ పూత చేసేదీ అదే. సిలనాల్స్ అన్నీ పోనక్కర్లేదు. 10 మిల్లీమోలార్ బఫర్‌లో గోడ ఛార్జి ప్రభావం దాదాపు 3 నానోమీటర్ల మందంలోనే ఉంటుంది. ఆ పొరలో నీళ్లు గంజిలా చిక్కబడితే గోడవెంట ద్రవం పారడం ఆగిపోతుంది, ప్రోటీన్‌కు గోడ అందదు. పాఠాల్లో దీన్ని 'సిలనాల్స్‌ను మూసేయడం' అని ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తారు. అసలు అందమంతా ఆ చిక్కదనంలో ఉంది.

1985లో స్వీడన్ శాస్త్రవేత్త స్టెల్లాన్ యెర్టేన్ చెప్పిన పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. 50 మైక్రాన్ల గొట్టాన్ని సోడియం హైడ్రాక్సైడ్‌తో, నీళ్లతో కడగాలి. ఎసిటిక్ ఆమ్లంతో పీహెచ్ 3.5కు తెచ్చిన నీళ్లలో, మిల్లీలీటరుకు 4 మైక్రోలీటర్ల మెథాక్రిలాక్సీప్రొపైల్ ట్రైమెథాక్సీసిలేన్ (గోడకూ పాలిమర్‌కూ అతుకు వేసే సిలేన్) కలిపి గంటసేపు నింపి ఉంచాలి. నీళ్లతో కడిగాక, గాలి తీసేసిన 3-4 శాతం అక్రిలమైడ్ ద్రావణం నింపాలి, పాలిమర్ గొలుసు కట్టేది ఇదే. ఆ గొలుసు కట్టడాన్ని మొదలుపెట్టడానికి అందులో మిల్లీలీటరుకు 1 మైక్రోలీటరు టెమెడ్, 1 మిల్లీగ్రాము పొటాషియం పర్‌సల్ఫేట్ ఉండాలి. అరగంటకు మిగిలిన పాలిమర్‌ను లాగేసి నీళ్లతో కడగాలి. గోడకు అతికిన పొర మాత్రమే మిగులుతుంది. అక్రిలమైడ్ నరాలకు విషం, గ్లౌజులు తప్పనిసరి.

గొలుసులను ఒకదానికొకటి ముడివేసే బిస్ అక్రిలమైడ్ ఎందుకు కలపరు? కలిపితే వల అల్లుకుని జెల్ అవుతుంది, బయటికి రాదు. గంజి ఎక్కువై పడుగు అట్టకట్టినట్టే, గొట్టం మూసుకుపోతుంది. గాలి సరిగా తీయకపోతే ఆక్సిజన్ పాలిమర్ గొలుసును ఎదగనివ్వదు, పూత అక్కడక్కడే పడుతుంది. డిటెక్టర్ వెలుగు పోయే కిటికీ కోసం గొట్టం బయటి పూతను కాల్చేది ముందే కాల్చుకోవాలి, తర్వాత కాలిస్తే లోపలి పాలిమర్ మాడుతుంది.

పూత పడిందో లేదో చూడటానికి డైమిథైల్ సల్ఫాక్సైడ్ పంపండి. దానికి ఛార్జి లేదు, గోడవెంట ద్రవం పారితేనే కదులుతుంది. కాబట్టి పూత బాగుంటే అది డిటెక్టర్ దాకా రానే రాదు. తొందరగా వచ్చిందంటే గోడ బయటపడిందన్నమాట. ఆపై ఆమ్ల బఫర్‌లో లైసోజైమ్‌ను అయిదారుసార్లు నడిపి, సమయం నిలకడగా ఉందో చూడాలి. మామూలు గొట్టం అలవాటుతో రన్‌కూ రన్‌కూ మధ్య సోడియం హైడ్రాక్సైడ్ పోస్తే మాత్రం, సిలేన్ బంధం విడిపోయి పూత ఊడిపోతుంది. నీళ్లూ, బఫరూ చాలు.