ఇంట్లోని పెద్ద కుక్క కొత్త కుక్కపిల్ల మీద గుర్రుమంటే తిట్టాలా? అపోహలు - వాస్తవాలు

ఇళ్లకు వెళ్లి కుక్కలకు శిక్షణ ఇవ్వడం నా పని. ఇంట్లో కుక్క ఉండగానే కొత్త కుక్కపిల్లను తెచ్చుకున్న వారం పది రోజులకు చాలామంది ఫోన్ చేసి అడిగేది ఒకటే: "సార్, మా పెద్దది పిల్లను చూసి గుర్రుమంటోంది, ఏం చేయమంటారు?"

అపోహ: గుర్రుమంటే పిల్ల గిట్టనట్టే, వెంటనే గద్దించి ఆపాలి.

వాస్తవం: గుర్రు అంటే "ఇక చాలు" అని చెప్పడం. అది మొదటి మాట కూడా కాదు. అంతకుముందే పెద్ద కుక్క మొహం పక్కకు తిప్పుకుంటుంది, ముక్కు నాక్కుంటుంది, లేచి వేరే మూలకు పోతుంది, ఒళ్లు బిగబట్టి కదలకుండా ఉండిపోతుంది, కంట్లో తెలుపు కనబడేలా ఓరగా చూస్తుంది. ఇవేవీ పిల్ల పట్టించుకోకపోతే అప్పుడు పెదవి ఎత్తి పళ్లు చూపిస్తుంది, గుర్రుమంటుంది. దానికీ వినకపోతే గాలిని కొరికినట్టు పళ్లు టకీమనిపిస్తుంది. కొన్ని మూతితో పిల్లను ఒక్క క్షణం అదిమి వదిలేస్తాయి. పిల్ల వెనక్కి తగ్గగానే పెద్దది ఒళ్లు దులుపుకుని తన దారిన పోతుంది. గాయం ఉండదు, పగ ఉండదు.

చలికాలంలో మన వీధుల్లో పిల్లల్ని పెట్టిన తల్లికుక్కను గమనించండి. పిల్లలకు పాలపళ్లు వచ్చి, తాగేటప్పుడు గుచ్చుకోవడం మొదలవగానే మధ్యలోనే లేచిపోతుంది. వెంటపడిన పిల్ల మీద గుర్రుమంటుంది. పిల్లకు "వద్దు" అనే మాట నేర్పేది ముందు కన్నతల్లే.

ఒక ఇంట్లో తొమ్మిదేళ్ల లాబ్రడార్ ఉండేది. రెండు నెలల పిల్లను తెచ్చారు. పెద్దది గుర్రుమన్నప్పుడల్లా ఇంట్లోవాళ్లు చెప్పు చూపించి బెదిరించేవారు. రెండు వారాలకు గుర్రు ఆగింది, మారిందని అందరూ సంతోషపడ్డారు. మూడో వారంలో చిన్న చప్పుడైనా లేకుండా పిల్ల చెవి మీద కాటు పడింది. నన్ను పిలిచింది అప్పుడు. పశువైద్యుడికి చూపిస్తే పెద్దదానికి తుంటి కీళ్లు అరిగిపోయాయని తేలింది. పిల్ల రోజూ ఎక్కి దూకేది సరిగ్గా ఆ నడుం మీదికే. నొప్పి అని చెప్పుకోవడానికి దానికి ఉన్న నోరు కూడా నొక్కేశారు. ఆ కుక్క గుర్తొస్తే ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది. అందుకే అందరికీ చెబుతున్నాను: ఓపికగా ఉండే కుక్క ఉన్నట్టుండి చిరాకుపడితే ముందు కీళ్లు, పళ్లు, చెవులు చూపించండి.

అపోహ: పెద్ద కుక్క అదుపు చేసినట్టే మనమూ పిల్లను మెడ పట్టి ఊపాలి, వెల్లకిలా పడేసి నొక్కి పట్టాలి.

వాస్తవం: దయచేసి చేయకండి. ఇలా నొక్కిపెట్టి మనమే "మందకు నాయకుడు" అనిపించుకోవాలనే ఆలోచనకు మూలం 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే పరిశోధకుడు జూలో బంధించి ఉన్న తోడేళ్లను చూసి రాసిన వ్యాసం. దాన్ని బాగా ప్రచారంలోకి తెచ్చిన తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మెచ్, అడవిలో తోడేళ్ల మంద అంటే చాలావరకు తల్లీతండ్రీ పిల్లలూ ఉన్న కుటుంబమేనని 1999లో తానే రాశారు. పైగా పెద్ద కుక్క సరిగ్గా ఆ క్షణంలో అదిలించి, సరిగ్గా ఆ క్షణంలో ఆపేస్తుంది. ఆ నేర్పు మన చేతులకు లేదు. మనం పడేస్తే పిల్ల నేర్చుకునేది మనిషి చేయంటే భయం, అంతే.

అపోహ: నెల పిల్లను తెస్తే పెద్దదానికి త్వరగా అలవాటవుతుంది.

వాస్తవం: ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని మన దేశంలో 2017 నుంచి నిబంధన ఉంది. గట్టిగా కొరికితే ఆట ఆగిపోతుందని పిల్లలు నేర్చుకునేది తల్లి దగ్గర, తోబుట్టువుల మధ్య. ఆ చదువు లేకుండా వచ్చిన పిల్ల సూదుల్లాంటి పాలపళ్లతో నేరుగా మీ పెద్ద కుక్క మీద పడుతుంది. అప్పుడు గుర్రుమనడం మీ కుక్క తప్పు కాదు.

అపోహ: పిల్ల పసిదని పెద్దదానికి తెలుసు, ఏమీ చేయదు. వాటిని వాటికే వదిలేస్తే సర్దుకుంటాయి.

వాస్తవం: చాలా కుక్కలు చిన్న కుక్కపిల్లలను ఓర్చుకుంటాయి, పిల్లకు నాలుగైదు నెలలు దాటాక ఆ ఓర్పు తగ్గుతుంది. కానీ అన్నీ అలా ఉండవు. ఎప్పుడూ పిల్లలతో ఉండని కుక్కకు పిల్లంటే భయం కూడా కావచ్చు. పాఠం చెప్పే పని దానిదైనా, తప్పించుకునే దారి చూపించాల్సింది మీరు. పిల్లకు అందని దివాన్, వరండా గేటు, తలుపుకు అడ్డంగా పెట్టిన చెక్క, ఏదో ఒకటి. గిన్నెలు వేర్వేరు గదుల్లో పెట్టండి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు రెంటినీ ఒకచోట వదలకండి. గుర్రు వినగానే పిల్ల తగ్గితే మీరు మాట్లాడకండి. తగ్గకపోతే పిల్లను పిలిచి పక్కకు తీసుకెళ్లండి, పెద్దదాన్ని ఒక్క మాట అనకండి. ఇంకోటి, పిల్లకు రోజుకు 16 నుంచి 18 గంటల నిద్ర కావాలి. సాయంత్రం ఏడింటికి పిచ్చెక్కినట్టు అందరి మీదా పడే పిల్ల చాలాసార్లు నిద్ర చాలని పిల్లే. పడుకోబెడితే ఆ పూట పెద్దదానికి గుర్రుమనే పని ఉండదు.

పిల్ల కీచుమంటున్నా పెద్దది వదలకపోయినా, పారిపోయిన పిల్లను వెంబడించినా, రక్తం కనబడినా, పెద్దదాన్ని చూడగానే పిల్ల మంచం కిందకు దూరుతున్నా అది పాఠం కాదు. ఆ రోజే విడిగా ఉంచి, కుక్కల సంగతి తెలిసినవాళ్లను పిలిపించండి.