మాట్లాడే తెర వెనక రెండు వందల ఏళ్లు

చూపు లేని మనిషి ఒకరు ఫోన్‌లో టికెట్ బుక్ చేసుకుంటున్నారు. తెర మీద వేలు జరుపుతుంటే ఆ వేలి కింద ఏముందో ఫోన్ చదివి వినిపిస్తోంది. తేదీ అయింది, సీటు అయింది, డబ్బు కట్టే పేజీ వచ్చింది. అక్కడ వేలు ఎక్కడ పెట్టినా "బటన్", "బటన్", "బటన్" అని మాత్రమే వినపడుతోంది. ఏది నొక్కితే చెల్లింపు పూర్తవుతుందో, ఏది నొక్కితే మొత్తం రద్దవుతుందో తెలియదు. యాప్ తయారుచేసినవాళ్లు ఆ బటన్లకు బొమ్మలు వేశారు గానీ పేర్లు ఇవ్వలేదు. పేరు ఇవ్వడానికి చాలాసార్లు కోడ్‌లో ఒక్క లైను చాలు. ఆ ఒక్క లైను లేక, అంతదాకా ఎవరి సాయమూ లేకుండా వచ్చిన మనిషి ఇప్పుడు పక్కవాళ్లను పిలిచి తన కార్డు వివరాలు చెప్పుకోవాలి.

ఈ చిక్కు ఫోన్లతో మొదలైంది కాదు. చూపున్నవాళ్లు తమ కళ్లకు అనువుగా ఒకటి తయారుచేస్తారు. చూపు లేనివాళ్లు ఏళ్ల తరబడి కష్టపడి దాన్ని తమకు పనికొచ్చేలా చేసుకుంటారు. ఈలోగా లోకం ఇంకోదానికి మారిపోతుంది. రెండు శతాబ్దాలుగా ఇదే వరస. ఇందులో నిలబడిన పరికరాలు ఎలా నిలబడ్డాయో చూస్తే, దాదాపు ప్రతిదాని వెనకా దాన్ని వాడే మనిషి చెయ్యి ఉంది.

1780ల్లో పారిస్‌లో వాలెంటిన్ హవీ చూపు లేని పిల్లల కోసం పాఠశాల పెట్టాడు. అప్పటికి అదే పెద్ద సాహసం. పుస్తకాల కోసం ఆయన మామూలు అక్షరాలనే కాగితం మీద ఉబ్బెత్తుగా అచ్చు వేయించాడు. చూపున్నవాళ్లకు అది చక్కగా కనిపించింది, ఎందుకంటే తమకు తెలిసిన అక్షరాలే అవి. పిల్లల వేళ్లకు మాత్రం ఒక్కో అక్షరం వంపులు తడిమి పోల్చుకోవడం తలకు మించిన పని. పుస్తకాలు మోయలేనంత బరువు. అన్నిటికంటే పెద్ద లోటు, ఆ అక్షరాలను పిల్లలు అరకొరగా చదవగలిగినా సొంతంగా రాసుకోలేకపోయారు.

ఆ బడికి 1819లో పదేళ్ల లూయీ బ్రెయిల్ వచ్చాడు. కూప్‌వ్రే అనే ఊళ్లో వాళ్ల నాన్న గుర్రపు జీనులు కుట్టేవాడు. మూడేళ్ల వయసులో, తోలుకు బెజ్జాలు పెట్టే పనిముట్టు కంట్లో గుచ్చుకుంది. ఆ గాయం రెండో కంటికీ పాకి, అయిదేళ్లకల్లా పిల్లవాడికి చూపు పూర్తిగా పోయింది. 1821లో షార్ల్ బార్బియే అనే మాజీ సైనికాధికారి తను తయారుచేసిన చుక్కల లిపిని బడికి తెచ్చాడు. అందులో ఒక్కో గుర్తులో పన్నెండు దాకా చుక్కలు ఉండొచ్చు. వేలికొన కింద గుర్తు మొత్తం ఒకేసారి పట్టదు. పైగా అది ధ్వనుల లిపి కావడంతో స్పెల్లింగు ఉండదు, విరామ చిహ్నాలు ఉండవు. లూయీ ఆ లోపాలను వేళ్లతో కనిపెట్టాడు. చుక్కలను ఆరుకు తగ్గించాడు, నిలువునా మూడు చొప్పున రెండు వరసలు. ఆరు చుక్కలతో 63 గుర్తులు వస్తాయి, ప్రతిదీ వేలికొన కింద ఇమిడిపోతుంది. 1824 నాటికి, పదిహేనేళ్ల వయసులో, అసలు రూపం సిద్ధమైంది. 1829లో పద్ధతిని పుస్తకంగా వేశాడు. అతను మంచి ఆర్గాన్ వాద్యకారుడు కూడా, అందుకే సంగీతానికీ అవే చుక్కలతో లిపి కట్టాడు.

ఇక్కడ కాసేపు ఆగాలి. చదవడం ఎంత ముఖ్యమో రాసుకోగలగడం అంతకంటే ముఖ్యం. ఒక చిన్న పలక, ఒక మొన ఉంటే చాలు. కాగితాన్ని పలకలో బిగించి, వెనక వైపు నుంచి కుడి నుంచి ఎడమకు చుక్కలు పొడుస్తారు. కాగితం తిప్పితే చుక్కలు ఎడమ నుంచి కుడికి ఉబ్బెత్తుగా తగులుతాయి. పరీక్ష రాయడం, లెక్కలు రాసిపెట్టుకోవడం, డబ్బా మీద పేరు అంటించడం, ఉత్తరం ఇంకొకరి చేత చదివించుకోకుండా ఉండటం, అన్నీ దీనితో వీలయ్యాయి.

అయినా 1840లో వచ్చిన కొత్త డైరెక్టర్ ఈ లిపిని బడిలో నిషేధించాడు. చూపున్నవాళ్లకు అర్థంకాని లిపి చూపు లేనివాళ్లను లోకానికి దూరం చేస్తుందని అప్పటి వాదన. పిల్లలు మాత్రం చాటుగా దాన్నే రాసుకున్నారు. చివరికి ఆయన సహాయకుడు జోసెఫ్ గ్వాదే నచ్చజెప్పగా నిషేధం పోయింది. బ్రెయిల్ 1852లో చనిపోయాడు. ఫ్రాన్స్‌లో లిపికి అధికారిక గుర్తింపు 1854లో వచ్చింది. అమెరికాలో గొడవ ఇంకా ఎక్కువ కాలం సాగింది. రకరకాల చుక్కల లిపులు పోటీపడ్డాయి, ఒక బడిలో చదివినవాళ్లు ఇంకో బడి పుస్తకం చదవలేకపోయేవారు. ఇంగ్లీషుకు ఒకే ప్రామాణిక బ్రెయిలీ అని బ్రిటన్, అమెరికా ఒప్పుకునేసరికి 1932 వచ్చింది.

ఆ తర్వాతి మలుపులు యుద్ధాల వల్ల వచ్చాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో చూపు పోయిన సైనికులు వేల మంది. పెద్దయ్యాక బ్రెయిలీ నేర్చుకోవడం అందరికీ పట్టుబడే పని కాదు. సోమ్ యుద్ధంలో చూపు పోగొట్టుకున్న ఇయాన్ ఫ్రేజర్ గ్రామఫోన్ రికార్డులో పుస్తకం వినిపించాలని పట్టుబట్టాడు. అప్పటి రికార్డు ఒక వైపు కొద్ది నిమిషాలకే అయిపోయేది. నెమ్మదిగా తిరిగే రికార్డు కావాలి. 1934లో అమెరికాలో, 1935లో బ్రిటన్‌లో మాట్లాడే పుస్తకాలు మొదలయ్యాయి. మామూలు శ్రోతలకు లాంగ్ ప్లే రికార్డులు అందింది 1948లో. అంటే అంధుల కోసం మొదలైన ప్రయత్నం దాదాపు పద్నాలుగేళ్లు ముందుంది. టైప్‌రైటర్ సంగతీ ఇలాంటిదే. తొలి యంత్రాల్లో ఒకటి ఇటలీలో పెల్లెగ్రినో తుర్రి చూపు లేని ఒక స్త్రీ కోసం చేసిందని చెబుతారు. ఆమె టైపు చేసిన 1808 నాటి ఉత్తరం ఇప్పటికీ ఉంది.

రెండో యుద్ధం చేతికర్రను మార్చింది. అప్పటిదాకా తెల్లకర్ర పొట్టిగా ఉండేది, చూపు లేదని ఎదుటివాళ్లకు చెప్పడమే దాని ప్రధానమైన పని. 1944 ప్రాంతంలో అమెరికాలోని వ్యాలీ ఫోర్జ్ సైనిక ఆసుపత్రిలో రిచర్డ్ హూవర్ పొడవైన తేలికపాటి కర్రతో నడిచే పద్ధతి నేర్పాడు. కుడికాలు ముందుకు పడేటప్పుడు కర్ర కొస ఎడమవైపు తాకుతుంది, ఎడమకాలు పడేటప్పుడు కుడివైపు. అంటే తర్వాతి అడుగు పడబోయే చోటును కర్ర ముందే చూసి పెడుతుంది. మెట్టు, గుంట, తడి, ఇనుప మూత, అన్నీ చేతికి తెలుస్తాయి. ఎన్నో ఎలక్ట్రానిక్ పరికరాలు వచ్చాయి గానీ ఈ కర్రను పక్కకు నెట్టినది ఒక్కటీ లేదు. ఛార్జింగ్ అయిపోవడం అనే టెన్షన్ దీనికి లేదు.

అచ్చు పుస్తకాన్ని యంత్రమే చదవాలన్న కోరిక 1970ల్లో తీరడం మొదలైంది. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ జాన్ లిన్‌విల్ చూపు లేని తన కూతురి కోసం ఆప్టకాన్ అనే పరికరం తయారుచేశాడు. ఒక చేత్తో చిన్న కెమెరాను అచ్చు వరస మీద జరుపుతుంటే, రెండో చేతి చూపుడువేలి కింద 144 సన్నని పిన్నులు అక్షరం ఆకారంలో కంపిస్తాయి. చదవడం నెమ్మదే. కానీ ఏ పుస్తకమైనా, ఏ ఉత్తరమైనా, ఎవరినీ అడగకుండా చదవొచ్చు. 1976లో రే కర్జ్‌వైల్ పేజీని స్కాన్ చేసి గొంతుతో చదివే యంత్రాన్ని చూపించాడు. అది బట్టలు ఉతికే యంత్రమంత ఉండేది, ధర యాభై వేల డాలర్ల వరకూ పలికింది. దాన్ని తీర్చిదిద్దడంలో అమెరికాలోని అంధుల జాతీయ సమాఖ్య సభ్యులు కలిసి పనిచేశారు. రోజూ వాడి, ఎక్కడ ఇబ్బందో చెప్పి మార్పించారు. యాభై వేల డాలర్ల యంత్రం లైబ్రరీలకు వెళ్తుంది గానీ ఇంటికి రాదు కదా. ఆ పని ఇవాళ ఫోన్ కెమెరా చేస్తోంది.

కంప్యూటర్ల కథ విచిత్రమైనది. 1980ల్లో, తెర మీద అక్షరాలే కనిపించే డాస్ కాలంలో, చూపు లేనివాళ్లకు కంప్యూటర్ వరంలా దొరికింది. తెర అంటే ఇరవై అయిదు వరసలు, వరసకు ఎనభై అక్షరాలు. ఏ చోట ఏ అక్షరం ఉందో మెమరీలో యథాతథంగా ఉండేది. ఒక ప్రోగ్రాము ఆ మెమరీని చదివి గొంతుకు అందిస్తే చాలు. ఐబీఎంలో జిమ్ థాచర్, చూపు లేని తన సహోద్యోగి జెస్సీ రైట్‌తో కలిసి అలాంటిది తయారుచేశాడు. దాని పేరు స్క్రీన్ రీడర్, తర్వాత ఆ కోవ ప్రోగ్రాములన్నిటికీ అదే పేరు స్థిరపడింది. మోటార్‌సైకిల్ రేసుల్లో పోటీపడి, 1978లో కారు ప్రమాదంలో చూపు పోగొట్టుకున్న టెడ్ హెంటర్ 1989లో జాస్ అనే స్క్రీన్ రీడర్ తెచ్చాడు.

ఇంతలో విండోస్ వచ్చింది. తెర మీద అక్షరాలు పోయి బొమ్మలు వచ్చాయి. మెమరీలో చుక్కల రంగులు తప్ప ఇంకేమీ లేవు. అందులో ఏది మాట, ఏది మెనూ, ఏది గీత అన్నది ఎవరు చెప్పాలి? ఆఫీసులన్నీ కొత్త తెరకు మారుతుంటే, అప్పటికే కంప్యూటర్ మీద ఉద్యోగం చేసుకుంటున్న అంధులకు ఆ ఉద్యోగమే ఉంటుందా అన్న భయం పట్టుకుంది. స్క్రీన్ రీడర్ రాసేవాళ్లు దొడ్డిదారి పట్టక తప్పలేదు. తెర మీద గీయమని విండోస్ ఇచ్చే ఆదేశాలను మధ్యలో పట్టుకుని, తెరకు ఇంకో నకలు తమ దగ్గర కట్టుకున్నారు. 1995లో విండోస్ జాస్ వచ్చింది. 1997లో మైక్రోసాఫ్ట్ ఒక రాజమార్గం ఇచ్చింది: ప్రతి బటనూ తన పేరు, తన పని, తన స్థితి స్క్రీన్ రీడర్‌కు చెప్పుకునే ఏర్పాటు. ఇవాళ్టి ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ ఈ దారిలోనే నడుస్తున్నాయి. కాకపోతే ఆ పేరు ఇవ్వాల్సింది సాఫ్ట్‌వేర్ రాసే మనిషి. పేరు లేని బటన్ కథ మొదలైంది ఇక్కడే.

ఆ రోజుల్లో స్క్రీన్ రీడర్ ధర దాదాపు కొత్త కంప్యూటరంత ఉండేది, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ. చూపున్నవాడికి తెర కంప్యూటర్‌తో పాటే వస్తుంది, చూపు లేనివాడు మాత్రం దాన్ని విడిగా కొనుక్కోవాలి. ఈ అన్యాయం నచ్చక 2006లో ఆస్ట్రేలియాలో మైఖేల్ కరన్ అనే అంధ యువకుడు ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ రాయడం మొదలుపెట్టాడు. చూపు లేని స్నేహితుడు జేమ్స్ టే తోడయ్యాడు. ఉచితం, కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది. స్వచ్ఛంద కార్యకర్తలు దాన్ని యాభైకి పైగా భాషల్లోకి తెచ్చారు. నా దృష్టిలో ఇటీవలి దశాబ్దాల్లో ఇంతకంటే గొప్ప సంఘటన లేదు.

2007లో నున్నటి గాజు తెరతో ఐఫోన్ వచ్చినప్పుడు మళ్లీ అదే భయం. వేలికి తగిలే అంకెల మీటలే లేని ఫోన్ అంధులు ఎలా వాడతారు? రెండేళ్లలోనే, 2009లో, వాయిస్‌ఓవర్ అనే స్క్రీన్ రీడర్ ఐఫోన్‌లోకి వచ్చింది. వేలు తాకితే ఏముందో చెబుతుంది, రెండుసార్లు తడితే తెరుచుకుంటుంది. విడిగా కొనక్కర్లేదు. అదే ఏడాది ఆండ్రాయిడ్‌లోకి అలాంటిదే టాక్‌బ్యాక్ వచ్చింది. రంగులు గుర్తుపట్టడం, దారి చెప్పడం, పుస్తకం చదవడం వంటి పనులకు ఒక్కో ప్రత్యేక పరికరం కొనే రోజులు పోయి, అన్నీ ఒక్క ఫోన్‌లోకి చేరాయి. వయసు మీద పడ్డాక చూపు తగ్గినవాళ్లకు ఇది మరీ మేలు చేసింది. దృష్టి లోపం ఉన్నవాళ్లలో ఎక్కువ మంది యాభై దాటినవాళ్లే. అక్షరం పెద్దది చేసుకోవడం, రంగులు తారుమారు చేసుకోవడం, అలసినప్పుడు గొంతుకు మారడం, అన్నీ చేతిలోనే ఉన్నాయి.

గొంతు వచ్చింది కదా, ఇక బ్రెయిలీ ఎందుకు అనేవాళ్లున్నారు. వాళ్లతో నేను ఏకీభవించను. వింటే కథ తెలుస్తుంది, స్పెల్లింగు తెలియదు. గణితం, సంగీతం, కోడ్ వేలితో చదివితే తేటగా పట్టుబడతాయి. పిన్నులు లేచి పడే బ్రెయిలీ డిస్‌ప్లేలు ఇంకా ఖరీదుగా ఉండటం బాధాకరం.

వెబ్ విషయానికొస్తే నియమాలు 1999 నుంచీ ఉన్నాయి. బొమ్మకు వివరణ ఇవ్వాలి, శీర్షికను శీర్షికగానే గుర్తించాలి. పేజీ అలా ఉంటే స్క్రీన్ రీడర్ వాడేవాళ్లు హెచ్ నొక్కుతూ శీర్షికల మీదుగా గబగబా దూకుతారు, బి నొక్కి బటన్‌కు, ఎఫ్ నొక్కి ఫారంలోని ఖాళీకి చేరతారు. అలవాటైన చెవి మామూలు మాటకు రెండు మూడు రెట్ల వేగంతో వింటుంది. శీర్షిక అనిపించేలా అక్షరాలు లావు చేసి వదిలేస్తే, పేజీ మొదటి నుంచి చివరిదాకా వరసగా వినాల్సిందే. వెబ్‌ఎయిమ్ సంస్థ 2024లో పది లక్షల హోమ్‌పేజీలను పరీక్షిస్తే 95.9 శాతం పేజీల్లో లోపాలు దొరికాయి. పాతికేళ్ల నియమాల తర్వాత పరిస్థితి ఇది.

పుస్తకాలకు అడ్డు కాపీరైటు. ఒక దేశంలో బ్రెయిలీలోకో ఆడియోలోకో మార్చిన పుస్తకాన్ని ఇంకో దేశానికి పంపడానికి చట్టం ఒప్పుకునేది కాదు. 2013 మరాకెష్ ఒప్పందం ఆ గోడను తీసింది, 2016లో అమల్లోకి వచ్చింది.

ఇప్పుడు కృత్రిమ మేధ. 2015లో డెన్మార్క్‌లో మొదలైన బీ మై ఐస్ అనే యాప్, చూపు లేనివాళ్లను వీడియోలో స్వచ్ఛంద సహాయకులతో కలిపింది. 2023 నుంచి ఫోటోను యంత్రమే వర్ణిస్తోంది. స్నేహితులు పంపిన పెళ్లి ఫోటోలో ఎవరు ఎటు నిలబడ్డారో, ఏ రంగు కట్టుకున్నారో అడిగి మరీ తెలుసుకోవచ్చు. ఎన్నాళ్లుగానో లేని సంతోషం ఇది. చిక్కల్లా, యంత్రం లేనిది ఉన్నట్టు చెప్పినా అంతే ధీమాగా చెబుతుంది, దాన్ని సరిచూసుకోవాల్సిన మనిషి ఆ ఫోటో చూడలేరు. అనుభవమున్నవాళ్లు ఇంకో కోణంలో మరో ఫోటో తీసి మళ్లీ అడుగుతారు, అక్షరాలుంటే వేరే యాప్‌తో చదివించి పోలుస్తారు, మందుల విషయంలో మనిషినే అడుగుతారు.

యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 28 నుంచి బ్యాంకు సేవలు, ఆన్‌లైన్ అమ్మకాలు, ఈ-బుక్కులు, టికెట్ యంత్రాలు అందరూ వాడగలిగేలా ఉండాలన్న చట్టం వర్తిస్తోంది. కంపెనీలు తనిఖీ సాఫ్ట్‌వేర్లు కొంటున్నాయి. బొమ్మకు వివరణ ఉందా లేదా అన్నది ఆ సాఫ్ట్‌వేర్ చెప్పగలదు. ఆ వివరణ "ఫోటో 17" అని ఉందా, పనికొచ్చే మాట ఉందా అన్నది స్క్రీన్ రీడర్‌తో రోజూ పనిచేసే మనిషే చెప్పాలి. ఆ మనిషిని ఆఖరున, ఉచితంగా అభిప్రాయం చెప్పమని పిలవడం ఇంకా మామూలుగానే ఉంది. డిజైన్ కాగితం మీద ఉన్నప్పుడే, జీతమిచ్చి పిలవాలి.