ఘాజీ గొడవ: బీచ్ రోడ్డు స్తూపం లేవకముందు ఏం జరిగింది

నౌకాదళ దినోత్సవం డిసెంబర్ 4 దగ్గర పడితే చాలు, 1971 యుద్ధంలో విశాఖ దగ్గర మునిగిన పాక్ సబ్‌మెరైన్ ఘాజీ మీద పాత వాదన ఊళ్లో మళ్లీ మొదలవుతుంది. మనం ముంచామా, తనంత తానే మునిగిందా? ఆర్కే బీచ్‌లోని 'విక్టరీ ఎట్ సీ' స్మారకం దగ్గర పుష్పగుచ్ఛాలు పెట్టే వేళకు వాట్సాప్ గ్రూపుల్లో తగువు ముదిరిపోయి ఉంటుంది.

ఆ యుద్ధం ఎందుకొచ్చిందో తెలిసిందే. ఘాజీ ఇటు వచ్చింది మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం. ఆ ఓడ అప్పటికే అండమాన్ వైపు జారుకుంది. అది ఇక్కడే ఉందని నమ్మించడానికి తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ ఊళ్లోని కాంట్రాక్టర్లకు మాంసం, కూరగాయలు బండెడు ఆర్డరిచ్చారు. అంత తిండి ఎవరికని వేగులు ఆరా తీయాలనే. 3వ తేదీ అర్ధరాత్రి ప్రాంతంలో మన పాత యుద్ధనౌక రాజ్‌పుత్ నీళ్లలో అలజడి చూసి డెప్త్ చార్జీలు (నీటి లోపల పేలే బాంబులు) వేసింది. వాటితోనే ఘాజీ మునిగిందని నౌకాదళం చెప్పేది.

నన్నడిగితే అసలు మలుపు ఆ రాత్రి కాదు, తర్వాతి ఐదారు రోజులు. మునిగింది ఘాజీయేనన్న ఆనవాలు మొదట దొరికింది వేటకెళ్లిన మత్స్యకారులకు. నీళ్ల మీద చమురు తెట్టు, తేలుతున్న సామాన్లు, ఒక లైఫ్ జాకెట్. ఘాజీ పాత అమెరికన్ పేరు 'డయాబ్లో' ఆ జాకెట్ మీద ఇంకా ఉందంటారు. నౌకాదళం డైవింగ్ నౌక నిస్తార్ నుంచి డైవర్లు దిగి చూశారు. ఘాజీ మునిగిందని 9న ప్రకటన వెలువడింది. ఎలా మునిగిందన్న ప్రశ్న ఆ ప్రకటనతోనే మూసుకుపోయింది. 1996లో లేచిన స్మారకం దాన్ని మళ్లీ తెరవలేదు.

పాకిస్థాన్ మాట వేరు: ఘాజీ తాను పరుస్తున్న మైన్లే (నీటిలో పెట్టే మందుపాతరలు) పేలి మునిగిందని. శత్రువు బొంకని తోసేయడం తేలికే, కానీ లోపలే పేలుడు జరిగి ఉండొచ్చని మన నౌకాదళంలో పనిచేసి రిటైరైనవారిలోనూ కొందరన్నారు. శకలం ముందు భాగం దెబ్బతిన్న తీరే వాళ్లకు ఆధారం. దీని తాలూకు రికార్డులు తూర్పు నౌకాదళంలో ధ్వంసమయ్యాయని 2010లో పత్రికలు రాశాయి. ఇక తేల్చేదెలా?

2024 ఫిబ్రవరిలో శకలాన్ని మన సబ్‌మెరైన్ రెస్క్యూ వాహనం గుర్తించినట్టు వార్తలొచ్చాయి. దాన్ని ముట్టుకోలేదు. 90 మందికి పైగా నావికుల సమాధి అది. నిస్తార్ పేరుతోనే కొత్త నౌక 2025 జులైలో ఇదే విశాఖలో దళంలో చేరింది.

స్మారకానికి దగ్గర్లోనే మన పాత సబ్‌మెరైన్ కుర్సురా మ్యూజియం. "ఘాజీని ముంచింది ఇదేనా?" అని టూరిస్టులు అడుగుతుంటారు. ఆ యుద్ధంలో కుర్సురా గస్తీ కాసింది అరేబియా సముద్రంలో.