నల్లతెర మీద ఎరుపు

శ్రీశైలం నీటిమట్టం 885 అడుగులకు చేరితే ఎరుపు, 875 దాటితే పసుపు, అంతకు దిగువనుంటే ఆకుపచ్చ. 2009 అక్టోబరు వరద చూసిన కర్నూలులో 885 అంటే ఏమిటో ఎవరికీ వివరించే పనిలేదు. టెర్మినల్‌లో, అంటే ఆజ్ఞలు టైపుచేసే నల్లటి కిటికీలో, రంగులు వేయడం నేర్చుకునే విద్యార్థికి ఇంతకన్నా మంచి అభ్యాసం దొరకదు. పైథాన్‌లో ఇరవై లైన్లు కూడా పట్టదు, తెర మీద చక్కగానే కనిపిస్తుంది. అదే అవుట్‌పుట్‌ని ఫైలులోకి మళ్ళించి ఎడిటర్‌లో తెరిచి చూడండి. ప్రతి ఎర్ర అంకెకీ ముందొక చదరపు బ్రాకెట్టు, 31, ఓ ఇంగ్లిషు ఎమ్. వెనక మళ్ళీ ఒక బ్రాకెట్టు, సున్నా, ఇంకో ఎమ్. రంగు పోయి చెత్త మిగిలింది.

నిజానికి ఆ చెత్తే రంగు. టెర్మినల్‌కి అక్షరాలు ఏ దారిన వెళ్తాయో రంగు ఆజ్ఞలూ ఆ దారినే, వాటి మధ్యలో కలిసే వెళ్ళాలి. రంగు కోసం వేరే తోవ లేదు. కలర్ లైబ్రరీలలో, అంటే రంగులు వేసిపెట్టే రెడీమేడ్ కోడ్‌లలో, ఎదురయ్యే తలనొప్పుల్లో చాలా వాటికి మూలం ఈ ఒక్క సంగతే.

ఆజ్ఞ రూపం చూద్దాం. మొదట ఆస్కీలో, అంటే అక్షరాలకు అంకెలిచ్చే పట్టికలో, 27వ సంకేతం, దాని పేరు ఎస్కేప్. పదహారాధార లెక్కలో 1బి, అష్టాధారంలో 033. ఇది తెర మీద అచ్చుపడే అక్షరం కాదు. దాని వెంటే తెరిచే చదరపు బ్రాకెట్టు, తర్వాత సెమీకోలన్లతో విడదీసిన అంకెలు, చివర చిన్న ఎమ్. ఎస్కేప్, బ్రాకెట్టు చూడగానే టెర్మినల్ అచ్చువేయడం ఆపి అంకెలు కూడబెట్టుకుంటుంది. ఎమ్ రాగానే వాటిని అమలుచేసి మళ్ళీ అచ్చులో పడుతుంది. 1 అంటే మందం, 4 అంటే కింద గీత, 7 అంటే అక్షరం రంగూ వెనక రంగూ తారుమారు, 0 అంటే అన్నీ రద్దు. 30 నుంచి 37 దాకా అక్షరం రంగులు, 40 నుంచి 47 దాకా వెనక రంగులు.

ఆ ఎనిమిది రంగుల వరస బట్టీపట్టనక్కరలేదు. ఎరుపుకి 1, ఆకుపచ్చకి 2, నీలానికి 4 వేసుకుని 30కి కలపండి. ఎరుపు 31, ఆకుపచ్చ 32, నీలం 34. ఎరుపూ ఆకుపచ్చా కలిస్తే పసుపు, అది 33. ఎరుపూ నీలమూ కలిస్తే మెజెంటా 35, ఆకుపచ్చా నీలమూ కలిస్తే సయాన్ 36, మూడూ కలిస్తే తెలుపు 37, ఏదీ లేకపోతే నలుపు 30. మూడు బిట్లు, ఎనిమిది రంగులు, అంతే.

ఈ ఆజ్ఞలకు ఈసీఎంఏ-48 అనే ప్రమాణం 1976లో వచ్చింది. 1979లో అమెరికా వాళ్ళ ఆన్సీ సంస్థ ఇలాంటిదే ఎక్స్3.64 పేరుతో తెచ్చింది. ఆన్సీ తర్వాత దాన్ని ఉపసంహరించుకున్నా, ‘ఆన్సీ కోడ్లు’ అన్న పేరు మాత్రం పోలేదు. ఇవాళ్టి టెర్మినల్ ప్రోగ్రాములు చాలావరకు అనుకరించేది 1978లో డీఈసీ కంపెనీ తెచ్చిన వీటీ100 అనే టెర్మినల్ యంత్రాన్ని. 80 గడుల వెడల్పు, 24 వరసలు. తమాషా ఏమిటంటే దానికి రంగులే లేవు.

31 అంటే ‘ఎరుపు’ అనే గానీ ఏ ఎరుపో ప్రమాణంలో నిర్ణయం లేదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మోతాదులు 0 నుంచి 255 లోపు చెప్పుకుంటే, పాత విండోస్ కన్సోల్‌లో (విండోస్ టెర్మినల్ కిటికీ అది) 128, 0, 0. కొత్త విండోస్‌లో 197, 15, 31. ఎక్స్‌టెర్మ్ అనే టెర్మినల్ ప్రోగ్రామ్‌లో 205, 0, 0. పైగా వాడేవాళ్ళు తమ థీమ్‌లో దాన్ని గులాబీగా మార్చుకున్నా అడిగేవాడు లేడు. కచ్చితమైన రంగే కావాలంటే రెండు మార్గాలున్నాయి. 38;5 తర్వాత 0 నుంచి 255 లోపు అంకె వేయడం మొదటిది. అందులో మొదటి 16 థీమ్ రంగులే. 16 నుంచి 231 దాకా ఆరు ఆరుల ఆరు, అంటే 216 రంగుల ఘనం: ఎరుపు, ఆకుపచ్చ, నీలం మోతాదులు ఒక్కోటి 0 నుంచి 5 లోపు తీసుకుని, ఎరుపుని 36తోనూ ఆకుపచ్చని 6తోనూ హెచ్చించి, నీలాన్ని కలిపి, మొత్తానికి 16 చేర్చాలి. నారింజకి ఎరుపు 5, ఆకుపచ్చ 3, నీలం 0 అనుకుంటే 180, 18, 0, 16 కలిపి 214. మిగిలిన 24 బూడిద ఛాయలు. రెండో మార్గం 38;2 తర్వాత మూడు మోతాదులూ 0 నుంచి 255 దాకా నేరుగా ఇచ్చేయడం. అయితే దీన్ని అర్థం చేసుకోని టెర్మినళ్ళు ఇంకా ఉన్నాయి. కలర్‌టర్మ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో (ప్రోగ్రాములన్నీ చదువుకునేలా సిస్టమ్‌లో పేరుపెట్టి ఉంచే విలువ అది) ‘ట్రూకలర్’ అని ఉంటేనే దీని జోలికి వెళ్ళడం మేలు.

ఇక తప్పులు. అన్నిటికన్నా మామూలుది, రంగు మొదలుపెట్టి ఆపకపోవడం. టెర్మినల్ వాక్యాలను పట్టించుకోదు. ఎరుపు అని చెప్తే ఇంకోమాట చెప్పేదాకా ఎరుపే. సగంలో కంట్రోల్-సీ నొక్కితే ప్రాంప్టుతో సహా అంతా ఎర్రబడిపోతుంది. కుళాయి కట్టెయ్యకుండా వెళ్ళిపోయినట్టన్నమాట, అది అనంతపురంలో ఎవరూ క్షమించని పని. పైథాన్‌లో ట్రై-ఫైనల్లీ పెట్టి ఫైనల్లీలో 0 ఆజ్ఞ పంపితే సరిపోతుంది. అప్పటికే పాడైపోయి ఉంటే షెల్‌లో రీసెట్ అని కొడితే బాగుపడుతుంది.

0తో ఆపడంలోనూ ఒక మెలిక ఉంది. ఎర్రటి వాక్యం మధ్యలో ఒక్క మాటని మందం చేశారనుకోండి. ఆ మాట చివర 0 పంపితే మందంతో పాటు ఎరుపూ పోతుంది, మిగతా వాక్యం వెలవెలబోతుంది. అందుకే మంచి లైబ్రరీలు దేనికి దాన్నే ఆపుతాయి: మందానికి 22, గీతకి 24, అక్షరం రంగుకి 39, వెనక రంగుకి 49. మందం 1 కాబట్టి దాన్ని ఆపేది 21 అయ్యుండాలని ఎవరికైనా తోస్తుంది. ప్రమాణంలో 21 అంటే జంట గీత. రంగులో రంగు పెడితే 39 కూడా చాలదు, ఎందుకంటే అది బయటి ఎరుపుకి కాకుండా థీమ్ అసలు రంగుకి తీసుకుపోతుంది. జావాస్క్రిప్ట్‌లో చాక్ లైబ్రరీ దీనికి చేసే పని తెలివైనది: లోపలి భాగంలో ఆపే సంకేతం ఎక్కడున్నా దాని స్థానంలో బయటి రంగు మొదలుపెట్టే సంకేతాన్ని తిరిగి పెడుతుంది. వెనక రంగు వేసిన మాటలో లైను మారితే, తెర పైకి జరిగేటప్పుడు కొన్ని టెర్మినళ్ళు ఆ రంగుని కుడి అంచుదాకా పులిమేస్తాయి. అందుకని లైను మారే ముందు ఆపి, మారాక మళ్ళీ మొదలుపెట్టాలి.

రంగు ఎప్పుడు వేయకూడదో తెలియడం లైబ్రరీకి అంతకన్నా ముఖ్యం. మొదట్లో చెప్పిన ఫైలు గొడవ ఇక్కడిదే. అవుట్‌పుట్ వెళ్ళేది టెర్మినల్‌కా ఫైలుకా పైపుకా (అంటే నేరుగా ఇంకో ప్రోగ్రామ్‌లోకా) అని ఆపరేటింగ్ సిస్టమ్‌ని అడగొచ్చు; పైథాన్‌లో ఆ ఫంక్షన్ పేరు ఈజ్-ఏ-టీటీవై. టెర్మినల్ కాదంటే ఒక్క ఎస్కేపూ బయటికి రాకూడదు. చాలామంది మరిచేదేమిటంటే మామూలు ఫలితాలు వెళ్ళే స్టాండర్డ్ అవుట్‌పుట్, తప్పుల సందేశాలు వెళ్ళే స్టాండర్డ్ ఎర్రర్ రెండూ వేర్వేరు, ఒకటి ఫైలుకి పోతున్నా రెండోది తెర మీదే ఉండొచ్చు. దేనికి రాస్తున్నారో దాన్నే అడగాలి. దీనికి తోడు, వాడేవాళ్ళ మాటకి విలువివ్వాలి. నో-కలర్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఏదైనా విలువ ఉంటే, అది ఏదైనా సరే, రంగు వద్దని అర్థం. 2017లో మొదలైన ఈ ఒప్పందాన్ని ఇప్పుడు చాలా ప్రోగ్రాములు పాటిస్తున్నాయి. ఫోర్స్-కలర్ దీనికి ఎదురు. టెర్మినల్ రకం చెప్పే టర్మ్ వేరియబుల్‌లో ‘డంబ్’ అని ఉంటే కూడా మౌనమే మంచిది. 2024లో వచ్చిన పైథాన్ 3.13 ఎర్రర్ ట్రేస్‌బ్యాక్‌లను తనే రంగుల్లో చూపిస్తుంది, పైవన్నీ గౌరవిస్తుంది కూడా.

విండోస్ కథ కొంచెం వేరు. విండోస్ 7, 8 కన్సోళ్ళకు ఎస్కేప్ భాషే రాదు. రంగు మార్చాలంటే విండోస్ ఫంక్షన్‌ని పిలవాలి. పైథాన్‌లో కొలరామా లైబ్రరీ పుట్టింది ఈ తంటాకే, అది ఎస్కేపులను మధ్యలో పట్టుకుని ఆ పిలుపులుగా మారుస్తుంది. విండోస్ 10 నుంచి కన్సోల్‌కి ఆ భాష వచ్చింది గానీ, పాత కమాండ్ ప్రాంప్ట్ కిటికీలో ప్రోగ్రామ్ అడిగితేనే పనిచేస్తుంది. కాలేజీ ల్యాబులో ఒకే ప్రోగ్రామ్ ఒక సిస్టమ్‌లో రంగులతో, పక్క సిస్టమ్‌లో చెత్తతో నడిస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే. ఖాళీ స్ట్రింగ్‌తో ఓఎస్-సిస్టమ్ పిలిస్తే బాగవుతుందన్న చిట్కా చాలా చోట్ల కనిపిస్తుంది. అది పనిచేస్తుంది, కానీ కాకతాళీయంగా. కొలరామాలో ఇందుకోసమే ‘జస్ట్ ఫిక్స్ విండోస్ కన్సోల్’ అనే ఫంక్షన్ ఉంది, దాన్ని ఒక్కసారి పిలిస్తే చాలు.

మనవాళ్ళకి ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు వరసలు కుదరడం. మూడు ఊళ్ళ ఉష్ణోగ్రతలు పట్టికలా అచ్చువేయాలి, పేరుకి 12 గడులు. పైథాన్‌లో ఎల్‌జస్ట్ 12 అంటే చాలు, పేరు వెనక ఖాళీలు నింపి 12 చేస్తుందనుకుంటాం. అది లెక్కించేది యూనికోడ్ సంకేతాలను. ‘కడప’లో మూడు సంకేతాలు, కాబట్టి 9 ఖాళీలు వేస్తుంది. ‘కర్నూలు’లో క, ర, పొల్లు, న, కొమ్ముదీర్ఘం, ల, కొమ్ము కలిపి ఏడు, 5 ఖాళీలు. ‘అనంతపురం’లో ఎనిమిది, 4 ఖాళీలు. కంటికేమో కర్నూలు మూడక్షరాలు, అనంతపురం ఐదు. ఇక దీనికి ఎరుపు వేయండి. మొదలుపెట్టే ఆజ్ఞలో ఐదు సంకేతాలు, ఆపే ఆజ్ఞలో నాలుగు, మొత్తం తొమ్మిది. రంగేసిన ‘కడప’ పొడవు పైథాన్ దృష్టిలో సరిగ్గా 12! ఒక్క ఖాళీ కూడా పడదు, ఉష్ణోగ్రత వచ్చి పేరుకి అతుక్కుంటుంది. మిగతా రెండూ 12 దాటిపోయాయి కాబట్టి వాటి సంగతీ అంతే.

మొదటి సవరణ సులువు: ముందు ఖాళీలు నింపి, తర్వాత రంగు చుట్టాలి. కింద గీతో వెనక రంగో ఉంటే ఖాళీలకు కూడా అంటుకుంటుంది, అప్పుడు ఖాళీల సంఖ్య విడిగా లెక్కేసి రంగు ఆపాక వేయాలి. రెండోది అంత సులువు కాదు. తెలుగు గుర్తు ఎన్ని గడులు ఆక్రమిస్తుందో చెప్పడానికి డబ్ల్యూసీవిడ్త్ లాంటి లైబ్రరీలు ఉన్నాయి. యూనికోడ్‌లో పొల్లు, గుడి లాంటివి జాగా తీసుకోని గుర్తులుగా, కొమ్ము, సున్నా లాంటివి జాగా తీసుకునేవిగా నమోదయ్యాయి. ఈ రెండో రకానికి ఒక గడి ఇవ్వాలా, అసలు గడే ఇవ్వకూడదా అన్న దగ్గర లైబ్రరీకీ టెర్మినల్‌కీ, ఒక టెర్మినల్‌కీ ఇంకోదానికీ పొత్తు కుదరదు. పైథాన్‌లో రిచ్ లాంటి పెద్ద లైబ్రరీ తన లెక్క తను ఎంత జాగ్రత్తగా వేసినా, టెర్మినల్ వేరే లెక్క వేస్తే పట్టిక వంకరపోతుంది. కాబట్టి పని గడవాలంటే అంకెలు ముందు, తెలుగు పేరు వరస చివర పెట్టడం ఉత్తమం. లేదా పేరు అచ్చువేశాక ఎస్కేప్, బ్రాకెట్టు, 20, పెద్ద జీ పంపండి. పేరు ఎంత పొడవున్నా కర్సర్ 20వ గడికి వెళ్ళి నిలబడుతుంది. తెర మీదికి మాత్రమే, ఫైలుకి ఇదీ చెత్తే.

అక్షరం మధ్యలో రంగు మార్చకూడదు. ‘ర్నూ’లో పొల్లుకీ ‘న’కీ మధ్య ఎస్కేప్ దూరిందా, ఒత్తు విడిపోయి ‘ర్’ ఒకచోట, ‘నూ’ ఒకచోట పడతాయి. వెతికిన మాటని రంగులో చూపించే ప్రోగ్రాములు సంకేతాల హద్దు చూసి కోస్తాయి గానీ అక్షరం హద్దు చూడవు. తెలుగులో ఇది తరచూ జరిగేదే.

రంగుల ఎంపికలో ఎక్కువమంది దెబ్బతినేది నీలంతో. పాత విండోస్ నీలం 0, 0, 128. నలుపు మీద దాని కాంట్రాస్ట్ నిష్పత్తి, అంటే వెలుగులో రెండిటికీ ఉన్న తేడా, 1.3 మాత్రమే, వెబ్‌లో మామూలు అక్షరాలకు కోరే కనీసం 4.5. 2017లో విండోస్ దాన్ని 0, 55, 218కి మార్చింది, అయినా 2.4 దగ్గరే ఆగింది. తెల్లతెర వాడేవాళ్ళకి పసుపుతో ఇదే అవస్థ. ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియని చూపు మగవాళ్ళలో ఎక్కువ, ఆ జన్యువులు ఎక్స్ క్రోమోజోము మీద ఉండటమే కారణం. అలాంటివాళ్ళకి మన శ్రీశైలం పట్టిక ఏమీ చెప్పదు. ఎరుపు పక్కన ‘నిండింది’ అన్న మాట కూడా ఉండాలి.

బయటినుంచి వచ్చిన పేర్లనూ సందేశాలనూ అచ్చువేసేటప్పుడు వాటిలో 27వ సంకేతాన్ని తీసేయండి. లేకపోతే పంపినవాళ్ళు మీ తెరని తుడిచేయగలరు, కిటికీ శీర్షిక మార్చగలరు.

అంతా అయ్యాక పరీక్షించడానికి లినక్స్‌లో ప్రోగ్రామ్ అవుట్‌పుట్‌ని పైపులో క్యాట్ కమాండ్‌కి పంపి, మైనస్ చిన్న వీ తగిలించండి. ఎస్కేపులు దాక్కోకుండా టోపీ గుర్తు, బ్రాకెట్టు రూపంలో బయటపడతాయి. పైపులోకి వెళ్ళింది కాబట్టి ఒక్కటీ కనిపించకూడదు. ఫోర్స్-కలర్ పెట్టి మళ్ళీ నడిపితే కనిపించాలి, మొదలుపెట్టిన ప్రతిదానికీ ఆపేది జత ఉందో లేదో అప్పుడు లెక్కపెట్టుకోవచ్చు.